పనికి వెళితే హాజరు తగ్గుతుంది, మానేస్తే ఫీజు ఆగుతుంది: వరాఛా విద్యార్థుల చిక్కు

పేద కుటుంబంలోని విద్యార్థి కళాశాల మెట్లు ఎక్కాలంటే ప్రభుత్వ సాయం కావాలి. ఆ సాయం షరతులతో వస్తుంది. వీటిలో ఆదాయ పరిమితి, మార్కుల గురించి అందరికీ తెలుసు. అంతగా చర్చకు రాని షరతు ఒకటుంది. అది పనికి సంబంధించినది. కొన్ని పథకాలు తల్లిదండ్రులు ఫలానా పని ఇన్నాళ్లు చేసినట్లు రుజువు అడుగుతాయి. కొన్ని ఆ పని పోయినట్లు రుజువు అడుగుతాయి. మరికొన్ని విద్యార్థి తరగతి గదిలోనే ఉన్నాడనడానికి, అంటే ఆ వేళలో పనికి వెళ్లలేదనడానికి, హాజరు పట్టీని చూపమంటాయి. సూరత్ నగరంలోని వరాఛాలో ఈ మూడు షరతులూ ఒకే ఇంటి తలుపు తడుతున్నాయి.

వరాఛా వజ్రాల పేట. సౌరాష్ట్రలోని అమ్రేలీ, భావ్‌నగర్ వంటి జిల్లాల నుంచి దశాబ్దాల క్రితం వలస వచ్చిన కుటుంబాలు ఇక్కడ స్థిరపడ్డాయి. మినీ బజార్ పరిసరాల్లో వ్యాపారులు కాగితపు పొట్లాల్లో వజ్రాలు చేత పట్టుకొని రోడ్డు పక్కనే బేరాలు సాగిస్తారు. చుట్టుపక్కల వీధుల్లోని కార్ఖానాల్లో సానచక్రాలు తిరుగుతుంటాయి. ఆ చక్రాన్ని ఇక్కడ ఘంటీ అంటారు. ఒక్కో ఘంటీ చుట్టూ కొందరు కార్మికులు కూర్చొని రాళ్లకు సాన పడతారు. ప్రపంచంలో సాన పట్టే ప్రతి పది వజ్రాల్లో దాదాపు తొమ్మిది సూరత్ చేతుల మీదుగానే వెళతాయని పరిశ్రమ వర్గాలు చెప్పుకుంటాయి. గుజరాత్ ప్రభుత్వం ఈ కార్మికులను 'రత్నకళాకారులు' అని గౌరవంగా పిలుస్తుంది. కూలి మాత్రం ఎక్కువ చోట్ల రాయి లెక్కన ముడుతుంది. నెల జీతపు చీటీ, భవిష్య నిధి ఖాతా వంటివి చాలామందికి ఉండవు.

ఈ వివరమే తర్వాతి కథకంతటికీ మూలం. రాయి లెక్కన కూలి తీసుకునే మనిషి పదేళ్లు ఒకే కార్ఖానాలో కూర్చున్నా, ఆ పదేళ్లకు కాగితం మీద సాక్ష్యం ఉండకపోవచ్చు.

మాంద్యం రాక, పథకం రాక

2024 నుంచి వజ్రాల పరిశ్రమకు గడ్డుకాలం మొదలైంది. రష్యా వజ్రాలపై జీ-7 దేశాల ఆంక్షలు, చైనాలో తగ్గిన గిరాకీ, ప్రయోగశాలలో తయారైన చవక వజ్రాల పోటీ ఒకదానిమీద ఒకటి వచ్చిపడ్డాయి. 2025 ఆగస్టు చివరిలో భారతీయ వస్తువులపై అమెరికా విధించిన 50 శాతం సుంకం వాటికి తోడైంది. దీపావళి సెలవులు పొడిగించిన కార్ఖానాలున్నాయి. వారంలో పని దినాలు తగ్గించినవీ ఉన్నాయి. ఇంట్లో ఆదాయం తగ్గినప్పుడు మొదట వాయిదా పడేది పిల్లల ఫీజు.

2025 మే నెలలో గుజరాత్ ప్రభుత్వం రత్నకళాకారుల కోసం ప్రత్యేక సహాయ ప్యాకేజీ ప్రకటించింది. పని కోల్పోయిన కార్మికుల పిల్లలకు ఒక ఏడాది పాఠశాల ఫీజు, గరిష్ఠంగా 13,500 రూపాయల వరకు ప్రభుత్వమే చెల్లించడం అందులో ముఖ్యాంశం. చిన్న కార్ఖానాలకు రుణాల మీద వడ్డీ రాయితీ, విద్యుత్ సుంకం మినహాయింపు కూడా ఇచ్చారు. కార్మికునికి విధించిన అర్హతలు ఇవి: వయసు 21 ఏళ్లు నిండాలి, వజ్రాల కార్ఖానాలో కనీసం మూడేళ్లు పనిచేసి ఉండాలి, 2024 మార్చి 31 తర్వాత పని పోయి ఉండాలి.

చూడడానికి ఇవి సహేతుకమైన నిబంధనలే. నిజంగా నష్టపోయినవారికే ప్రజాధనం చేరాలన్న ఉద్దేశాన్ని ఎవరూ తప్పుపట్టరు. అయితే మూడేళ్ల పనికి రుజువు ఎవరివ్వాలి? జీతపు చీటీ లేని కార్మికుడు తనను వద్దన్న యజమాని దగ్గరికే వెళ్లి, తాను అక్కడ పనిచేసినట్లు రాసిమ్మని అడగాలి. కార్ఖానా మూతపడి ఉంటే ఆ రాసిచ్చే మనిషి కూడా దొరకడు. రెండో చిక్కు ఇంకా సూక్ష్మమైనది. మాంద్యంలో చాలా కార్ఖానాలు కార్మికులను పూర్తిగా తీసేయవు. పని గంటలు తగ్గిస్తాయి, రాయికిచ్చే కూలి తగ్గిస్తాయి. సగం పనితో, సగం ఆదాయంతో నెట్టుకొస్తున్న తండ్రి 'పని కోల్పోయినవాడు' అనే నిర్వచనంలోకి రాడు. అతని బిడ్డ ఫీజు మాత్రం సగం కాదు.

మూడోది మన అంశానికి నేరుగా సంబంధించినది. ఈ ప్యాకేజీ పాఠశాల పిల్లలకు మాత్రమే. పన్నెండో తరగతి దాటి కళాశాలలో చేరిన అక్కకో, అన్నకో ఇందులో చోటు లేదు. తండ్రి ఆదాయం తగ్గిన ఇంట్లో ముందుగా పనికి పంపేది ఆ పెద్ద పిల్లలనే. పద్దెనిమిదేళ్లకు చదువు ఆపి ఘంటీ దగ్గర కూర్చొన్న యువకుడు, ఏడాది తర్వాత ఆ పని కూడా పోయినా, ప్యాకేజీ లెక్కలో కార్మికుడు కాడు. 21 ఏళ్లు నిండలేదు. మూడేళ్ల అనుభవమూ లేదు.

స్వావలంబన పథకం, 75 శాతం హాజరు

కళాశాల విద్యార్థికి గుజరాత్‌లో ఉన్న పెద్ద ఆధారం ముఖ్యమంత్రి యువ స్వావలంబన యోజన. దీని పుట్టుకకూ వరాఛాకూ సంబంధం ఉంది. 2015 ఆగస్టులో రిజర్వేషన్ల కోసం పాటీదార్ల ఆందోళన ఉద్ధృతమైనప్పుడు సూరత్‌లో అట్టుడికిన ప్రాంతాల్లో ఇదొకటి. మరుసటి నెలలో అప్పటి ముఖ్యమంత్రి ఆనందీబెన్ పటేల్ ఈ పథకాన్ని ప్రకటించారు. కులంతో నిమిత్తం లేకుండా, ఆదాయం, ప్రతిభల ఆధారంగా సాయం చేయడం దీని స్వరూపం. కుటుంబ వార్షికాదాయం 6 లక్షల రూపాయలు మించకూడదు. పన్నెండో తరగతిలో 80 పర్సంటైల్ సాధించాలి. బోధన రుసుములో సగం ప్రభుత్వం భరిస్తుంది: వైద్య విద్యకు 2 లక్షలు, ఇంజనీరింగ్ వంటి వృత్తి కోర్సులకు 50 వేలు, సాధారణ డిగ్రీకి 10 వేల రూపాయలు గరిష్ఠ పరిమితి.

రెండో ఏడాది సాయం కొనసాగాలంటే మార్కులు 50 శాతం, హాజరు 75 శాతం ఉండాలి. ఇది గుజరాత్‌కు ప్రత్యేకమేమీ కాదు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ఉపకార వేతనాలకు, ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు కూడా 75 శాతం హాజరు నిబంధన తెలుగు విద్యార్థులకు కొత్త కాదు.

ఈ 75 శాతాన్ని రోజుల్లోకి మార్చి చూస్తే సంగతి స్పష్టపడుతుంది. సెమిస్టరుకు 90 బోధన దినాలు అనుకుంటే, విద్యార్థి మానగలిగేవి 22 రోజులు. జ్వరాలు, పండుగలు, ఊరి ప్రయాణాలు అన్నీ అందులోనే సర్దుకోవాలి. వారానికి ఒక పనిరోజు చొప్పున కూలికి వెళ్లే విద్యార్థి సెమిస్టరులో 15 నుంచి 18 రోజులు అక్కడే ఖర్చుచేస్తాడు. వారానికి రెండు రోజులైతే హద్దు దాటిపోతుంది. పేరులో స్వావలంబన ఉన్న పథకంలో, తన కాళ్ల మీద తాను నిలబడాలని పనికి వెళ్లే విద్యార్థే అందరికంటే ముందు అనర్హుడయ్యే ప్రమాదం ఉంది.

వజ్రాల కార్ఖానాలో గంటల లెక్కన కుదిరే పని కూడా అరుదు. ఉదయం కూర్చుంటే సాయంత్రం లేవాలి. వరాఛాలోని మరో ప్రధాన ఉపాధి అయిన ఎంబ్రాయిడరీ యంత్రాల దగ్గర, నగరమంతటా ఉన్న మరమగ్గాల దగ్గర పన్నెండు గంటల షిఫ్టులు మామూలు. రాత్రి షిఫ్టు చేసిన కుర్రవాడు ఉదయం తరగతిలో హాజరు పలికినా, పాఠం అతనికి ఎంతవరకు చేరుతుందో అధ్యాపకులకు తెలియనిది కాదు. ఇళ్లలో చీరలకు లేసు కుట్టడం, రాళ్లు అతకడం వంటి పనులు చేసే అమ్మాయిల పరిస్థితి కొంత భిన్నం. వారి పనికి నిర్ణీత వేళ లేదు కాబట్టి హాజరు దెబ్బతినదు. చదువుకునే వేళే హరించుకుపోతుంది. ఇది ఏ పట్టీలోనూ కనబడని నష్టం.

హాజరు నిబంధన ఊరికే పుట్టలేదని కూడా చెప్పాలి. విద్యార్థులు కాగితం మీదే ఉండి, ఫీజు మాత్రం ఖజానా నుంచి కళాశాలకు చేరిన ఉదంతాలు తెలుగు రాష్ట్రాల్లో తనిఖీల్లో బయటపడ్డాయి. ఆధార్ అనుసంధానం, వేలిముద్ర హాజరు ఆ అనుభవం నుంచి వచ్చినవే. ప్రజాధనానికి లెక్క ఉండాలి. కానీ కళాశాలను పట్టుకోవడానికి వేసిన వల విద్యార్థికి చుట్టుకుంటోంది. తరగతికి రాని విద్యార్థి ఎందుకు రాలేదన్న ప్రశ్న ఆ పట్టీలో లేదు. బోగస్ పేరు, రాత్రి షిఫ్టు చేసి నిద్రపోయిన పేరు అందులో ఒకే గుర్తుతో నమోదవుతాయి.

లింబాయత్ నుంచి సిరిసిల్ల దాకా

సూరత్‌లోని తెలుగువారు వరాఛాలో కంటే దక్షిణాన లింబాయత్, ఉధ్నా వంటి ప్రాంతాల్లో ఎక్కువగా ఉంటారు. తెలంగాణ జిల్లాల నుంచి మరమగ్గాల పనికి వచ్చిన పద్మశాలి కుటుంబాలు వీరిలో అధికం. వారి పిల్లల కోసం సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో ప్రాథమిక పాఠశాలలు నడుపుతోంది. వజ్రాల కార్మికుల ప్యాకేజీ సహజంగానే వీరికి వర్తించదు. అదే మాంద్యం, అదే సుంకం జౌళిని దెబ్బతీసినా, మగ్గం కార్మికుడు రత్నకళాకారుడు కాడు. పథకం వృత్తికి ముడిపడినప్పుడు పక్క వీధిలోని అదే కష్టం దాని కంటికి కనిపించదు.

కొన్ని కుటుంబాలు రెండు చోట్ల చీలి ఉంటాయి. మగవారు సూరత్‌లోనో, భివండీలోనో మగ్గం మీద ఉంటారు. ఆడవారు సిరిసిల్ల, కోరుట్ల, నిజామాబాద్ ప్రాంతాల్లో బీడీలు చుడతారు. ఈ బీడీ కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మిక మంత్రిత్వ శాఖ ఉపకార వేతనం ఉంది. తల్లి లేదా తండ్రి కనీసం ఆరు నెలలు బీడీ పనిలో ఉండాలి. కుటుంబ నెలసరి ఆదాయం 10 వేల రూపాయలు మించకూడదు. ఒకటో తరగతికి ఏటా వెయ్యి రూపాయలతో మొదలై, డిగ్రీ, పాలిటెక్నిక్‌లకు 6 వేలు, ఇంజనీరింగ్, వైద్యం వంటి వృత్తి విద్యకు 25 వేల రూపాయల వరకు ఇస్తారు. ఏళ్లుగా ఎందరో బీడీ కార్మికుల పిల్లలు దీని ఆసరాతో పైచదువులకు వెళ్లారు.

అయితే ఇక్కడ రెండు షరతులు ఒకదానికొకటి అడ్డుపడతాయి. ఆరు నెలల పనికి రుజువు తల్లి గుర్తింపు కార్డు. అది సరిపోతుంది. ఆదాయం దగ్గరికి వచ్చేసరికి సూరత్‌లో పన్నెండు గంటల షిఫ్టులు చేసే తండ్రి సంపాదనా లెక్కలోకి వస్తుంది. నెలకు 10 వేలంటే ఏడాదికి లక్షా 20 వేలు. వెనుకబడిన తరగతుల విద్యార్థులకిచ్చే కేంద్ర ఉపకార వేతనానికి పరిమితి రెండున్నర లక్షలు. గుజరాత్ స్వావలంబన యోజనకు 6 లక్షలు. ఒకే కుటుంబం ఒక పథకం ముందు పేదది, మరో పథకం ముందు కాదు. ఇంటిల్లిపాదీ కష్టపడి పనిచేసిన కుటుంబమే ఈ తక్కువ పరిమితిని ముందుగా దాటుతుంది.

భవన నిర్మాణ కార్మికుల విషయంలో పని షరతు ఇంకా సూటిగా ఉంటుంది. గడచిన పన్నెండు నెలల్లో కనీసం 90 రోజులు నిర్మాణ పని చేసినవారే సంక్షేమ మండలిలో సభ్యులు కాగలరు. వయసు 18 నుంచి 60 మధ్య ఉండాలి. నిర్మాణ వ్యయం మీద వసూలు చేసే సెస్సు నుంచి మండళ్లు నడుస్తాయి. పిల్లల చదువుకు సాయం వాటి ముఖ్య కార్యక్రమాల్లో ఒకటి. పాలమూరు నుంచి వలస వెళ్లిన మేస్త్రీకో, సూరత్ శివార్లలో ఇటుకలు మోసే కూలీకో ఇది అక్కరకొచ్చే పథకమే. చిక్కు సభ్యత్వ పునరుద్ధరణలో ఉంది. కొడుకు డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా తండ్రి జబ్బుపడి ఆ ఏడాది 90 రోజులు పూర్తిచేయలేకపోతే, సభ్యత్వంతోపాటు కొడుకు ఉపకార వేతనమూ ప్రశ్నార్థకమవుతుంది. సాయం అత్యవసరమైన ఏడాదిలోనే అర్హత జారిపోతుంది. మూడు మేస్త్రీల దగ్గర ముప్పైయేసి రోజులు చేసిన పనికి మూడు ధ్రువపత్రాలు తేవడం మరో ప్రయాస.

అమెరికాలో తలకిందులైన షరతు

మన దేశంలో షరతు ఎక్కువగా తల్లిదండ్రుల పని మీద ఉంటే, అమెరికాలో అది విద్యార్థి మీదే పడుతుంది. 1996 ఆగస్టులో అధ్యక్షుడు బిల్ క్లింటన్ సంతకం చేసిన సంక్షేమ సంస్కరణ చట్టం, నగదు సాయం పొందే పేద తల్లులు వారానికి 30 గంటలు, ఆరేళ్లలోపు బిడ్డ ఉన్న ఒంటరి తల్లి అయితే 20 గంటలు, పనిలో గానీ గుర్తించిన కార్యక్రమంలో గానీ ఉండాలన్నది. వృత్తి విద్యను పనిగా లెక్కించేది పన్నెండు నెలలే. నాలుగేళ్ల డిగ్రీకి ఆ లెక్కలో చోటు దొరకలేదు. న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయంలో సంక్షేమ సాయం పొందుతూ చదివే విద్యార్థుల సంఖ్య తర్వాతి కొన్నేళ్లలో బాగా పడిపోయింది. మెయిన్ రాష్ట్రం మాత్రం 1997లో భిన్నమైన దారి పట్టింది. రాష్ట్ర నిధులతో పథకం పెట్టి, డిగ్రీ చదివే పేద తల్లిదండ్రులకు తరగతినే పనిగా గుర్తించింది.

అక్కడి ఆహార సాయ పథకంలోనూ కళాశాల విద్యార్థులు వారానికి 20 గంటలు జీతానికి పనిచేయాలి, లేదా ఏదైనా మినహాయింపు కిందికి రావాలి. 2025 జూలై 4న చట్టమైన కొత్త బిల్లు వైద్య సాయానికి కూడా నెలకు 80 గంటల పని షరతు తెచ్చింది. 2027 జనవరి నాటికి అది అమల్లోకి రావాలి. ఈసారి మాత్రం కనీసం సగం సమయపు విద్యార్థిగా నమోదైతే షరతు తీరినట్లే లెక్కిస్తారు. 1996 నుంచి సాగిన చర్చ కొంతైనా ఫలించినట్లు దీన్ని చూడవచ్చు. ఇక మన ఊళ్ల నుంచి అక్కడికి వెళ్లిన తెలుగు విద్యార్థులకు ఈ సాయాలేవీ అందవు. వారి వీసాకు తరగతులు జరిగే కాలంలో వారానికి 20 గంటలకు మించి ప్రాంగణంలో పనిచేయకూడదన్న షరతు ఉంటుంది. ఒకే దేశంలో ఒక విద్యార్థికి 20 గంటలు కనీసం, మరొకరికి గరిష్ఠం.

మనకున్న దారులు

పనిచేస్తూ చదివేవారి గురించి మన విధానాలకు పూర్తిగా తెలియదనడం సరికాదు. షెడ్యూల్డ్ కులాలు, తెగల విద్యార్థుల కేంద్ర పోస్ట్‌మెట్రిక్ పథకం పాత మార్గదర్శకాల్లోనే ఉద్యోగం చేసే విద్యార్థులకు ఒక నిబంధన ఉంది. వారి సంపాదన, తల్లిదండ్రుల ఆదాయం కలిపి పరిమితి లోపల ఉంటే, నెలవారీ భత్యం లేకపోయినా తప్పనిసరి రుసుములు తిరిగి చెల్లించాలని అది చెబుతుంది. పని చేస్తున్నంత మాత్రాన విద్యార్థి కాకుండా పోడని ఒప్పుకున్న నిబంధన అది. సార్వత్రిక విశ్వవిద్యాలయాలు మరో మార్గం. దేశంలో మొదటిది 1982లో హైదరాబాద్‌లోనే పుట్టింది; అహ్మదాబాద్ కేంద్రంగా గుజరాత్‌కూ ఒకటుంది. అక్కడ రోజువారీ హాజరు బెడద లేదు. అయితే ఇంజనీరింగ్, ఫార్మసీ వంటి కోర్సులకు అది ప్రత్యామ్నాయం కాదు. ఇంటి ఆర్థిక స్థితిని మార్చగలవని పేద కుటుంబాలు నమ్మేది ఆ కోర్సులనే.

పని రుజువు సమస్యకు ఒక పాక్షిక జవాబు ఈ-శ్రమ్ పోర్టల్‌లో కనిపిస్తుంది. 2021 ఆగస్టులో ప్రారంభమైన ఈ నమోదులో అసంఘటిత కార్మికుడు తన వృత్తిని తానే ప్రకటించుకోవచ్చు. యజమాని సంతకం అడగరు. ఆ కార్డునే ఉపకార వేతనాలకు ప్రాథమిక రుజువుగా అంగీకరిస్తే ఘంటీ కార్మికుడికి, మగ్గం కార్మికుడికి చాలా తిరుగుళ్లు తప్పుతాయి. స్వీయ ప్రకటనల్లో అబద్ధాలు దొర్లుతాయన్న అభ్యంతరం ఉంటుంది. దానికి తనిఖీ ఉండాలి. కానీ ఆ తనిఖీ ప్రభుత్వం చేయాల్సిన పని. మూతపడిన కార్ఖానా గేటు ముందు నిలబడి కార్మికుడు చేయాల్సినది కాదు.

హాజరు విషయంలో మార్పు అంత కష్టమేమీ కాదు. తండ్రి పని పోయినట్లు ప్రభుత్వమే ధ్రువీకరించిన ఇంటి విద్యార్థికి ఆ ఒక్క ఏడాది హాజరు పరిమితిని సడలించవచ్చు. అనారోగ్యం మీద కళాశాలలు ఇప్పటికే కొంత మినహాయింపు ఇస్తున్నాయి. జీవనోపాధి నష్టాన్నీ ఆ వరుసలో చేర్చడానికి కొత్త పథకం అక్కర్లేదు. అప్పటివరకు స్వావలంబన యోజన రెండో ఏడాది దరఖాస్తుకు కళాశాల ఇచ్చే హాజరు ధ్రువపత్రమే ప్రమాణం. సెమిస్టరు మధ్యలోనే తమ హాజరు ఎంతుందో విద్యార్థులు కళాశాల కార్యాలయంలో చూసుకోవాలి. బీడీ కార్మికుల పిల్లలు జాతీయ ఉపకార వేతనాల పోర్టల్‌లో ఏటా మళ్లీ దరఖాస్తు చేయాలి. తల్లి గుర్తింపు కార్డు, ఆదాయ పత్రం అప్పటికి సిద్ధంగా ఉండాలి. భవన నిర్మాణ కార్మికులు 90 రోజుల పని ధ్రువపత్రాన్ని సభ్యత్వ గడువు ముగిసేలోగా సమర్పించాలి.